మొట్టమొదటి లబ్ధిదారు

హెచ్‌ఐవీ ఉన్నంత మాత్రాన ఏ తల్లీ బిడ్డకు దూరం కాకూడదనీ, అలాంటి తల్లులు పిల్లల్ని తమ దగ్గరే ఉంచుకుని పెంచుకునేలా ప్రభుత్వం కొండంత అండగా నిలుస్తుందనీ మంత్రిగారు ప్రకటించారు. పథకం పేరు ‘ఒడి చేరిన బిడ్డ’. మొట్టమొదటి బిడ్డను ఒడి చేర్చే భాగ్యం మా పిల్లల హోమ్‌కే దక్కింది. నేనక్కడ వంటమనిషిని. అంతటి మహత్కార్యాన్ని పొయ్యి దగ్గర నుంచే కళ్ళారా చూశాను.

ఆ బిడ్డకు ఆరేళ్ళు. తల్లి దర్జీ కొట్టులో కాజాలు కుడుతుంది. జబ్బుపడి ఆస్పత్రిలో చేరినప్పుడు పాపను మా దగ్గర వదిలింది. మందులు వేసుకుని కోలుకుని ఏడాదైంది. పిల్లను ఇంటికి తీసుకెళ్ళొచ్చని డాక్టరు రాసిచ్చాడు. ప్రతి ఆదివారం దువ్వెన పట్టుకొచ్చి, వరండాలో కూర్చుని, పాపకు రెండు జడలు వేసి, "వచ్చే వారం ఇంటికెళ్దాం" అని చెప్పి వెళ్ళేది. ఏడాది పొడవునా అదే మాట. ఇప్పుడిక కాగితం మీద మంత్రిగారి సంతకం ఒక్కటే తరువాయి.

సభకు ముందురోజు రిహార్సల్ పెట్టారు. అప్పుడు మా సూపరింటెండెంట్ మేడమ్‌కి రూలు గుర్తొచ్చింది.

"తల్లి ఎవరో బయటికి తెలియకూడదు. ఆవిడ స్టేజీ ఎక్కకూడదు."

"మరి పాపని ఎవరి చేతికిస్తారు?" అన్నాడు మంత్రిగారి పీఏ.

"తల్లి చేతికే."

"తల్లి రాకూడదన్నారుగా మేడమ్?"

"అందుకే, ఇంకో తల్లిని చూడండి."

కాజాల అమ్మాయి అడ్డుపడింది. "నన్నెవరు చూసినా ఫర్వాలేదండీ. నాకేం సిగ్గు లేదు. నా పిల్లని నాకిస్తే చాలు."

"నీకు లేకపోవచ్చమ్మా. ప్రభుత్వానికి ఉంటుంది కదా" అన్నాడు పీఏ, ఎంతో ఓపిగ్గా.

ఇంకో తల్లి ఇట్టే దొరికింది. పార్టీ మహిళా విభాగం కార్యదర్శి. మంత్రిగారి పక్క కుర్చీ అనగానే ఆవిడ జబ్బు పేరు కూడా అడగలేదు.

మర్నాడు మంత్రిగారు గంటసేపు మాట్లాడారు. "ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, ఒకే గ్లాసులో తాగినా రాదు! వీళ్ళని మీ తోబుట్టువుల్లా చూసుకోండి!" అంటూ కాగితం మీద సంతకం చేసి, పాపను కార్యదర్శి ఒళ్ళో కూర్చోబెట్టారు.

పాప మైకు దగ్గరికి వంగి, "మా అమ్మ గేటు బయట ఉంది" అంది.

"పసిది. సంతోషంలో ఏం మాట్లాడుతోందో తెలీడం లేదు" అని మంత్రిగారు కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు మోగాయి.

సభ అయ్యాక కార్యదర్శి పాపను దించి, చీర సర్దుకుని కారెక్కింది. పాప నా వెనకే వంటింట్లోకి వచ్చేసింది. కాజాల అమ్మాయి ఖాళీ సంచీతో ఆఫీసు గదిలోకి వెళ్ళింది.

"నీ ఫైలు క్లోజ్ అయిపోయిందమ్మా. పాప తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది" అంది మేడమ్.

"తల్లిని నేనే కదండీ!"

"అదే చెప్తున్నా. నీ దగ్గరే ఉంది."

"వంటింట్లో ఉందండీ. అదిగో, కనిపిస్తోంది."

మేడమ్ అటు చూడలేదు, రిజిస్టరు చూసింది. "ఇక్కడున్నది ఇరవై ముగ్గురు. నీ పాప పేరు కొట్టేశాం. లేని పిల్లని నేనెక్కణ్ణించి తెచ్చివ్వను?"

నేను పాప చెయ్యి పట్టుకుని, సంచీలో దాని గౌన్లు కుక్కి, తల్లీబిడ్డల్ని గేటు దాకా తీసుకెళ్ళాను. వాచ్‌మన్ ఆపాడు.

"పిల్లని పంపాలంటే పేరు పక్కన మేడమ్ సంతకం ఉండాలక్కా."

"పేరే లేదు తమ్ముడూ, చూసుకో."

తన పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. "నిజమే. లేని పిల్లని ఆపానంటే నాకు మాటొస్తుంది" అని గేటు తీశాడు.

పేపర్లో ఫోటో పడింది. రహస్యం కాపాడటానికి కార్యదర్శి మొహాన్ని మసక చేశారు. చీరను చెయ్యలేదు. ఆ చీర తెలియనివాళ్ళు లేరు. కార్యదర్శి ఇంట్లో పనిమనిషి మానేసింది. తోడికోడలు ఆ ఇంటికి పిల్లల్ని పంపడం మానేసింది. పార్టీ ఆఫీసులో ఆవిడ కుర్చీ వరండాలోకి చేరింది. ఆవిడ ఏడ్చుకుంటూ మంత్రిగారి దగ్గరికి పరిగెత్తింది.

"నీకు లేదని నాకు తెలుసు చెల్లెమ్మా" అన్నారాయన. "అయినా కొంచెం దూరంగా కూర్చో."

పోనీ లేదని రాసిమ్మంటూ మా హోమ్‌కి వచ్చింది. "ఎవరికుందో చెప్పకూడదు, ఎవరికి లేదో కూడా చెప్పకూడదు. రూలు రూలే" అంది మేడమ్.

మొన్న ఆదివారం కాజాల అమ్మాయి ఇంటికి వెళ్ళాను. ఒకటే గది. కిటికీ పక్కన మిషను. పాప ఎక్కాలు చదువుతుంటే తల్లి జడ అల్లుతోంది. గూట్లో పాలపొడి డబ్బా, దాని మీద మంత్రిగారి బొమ్మ. పథకం కింద తల్లికని కార్యదర్శి ఇంటికి పంపారట. ఆవిడే మోసుకొచ్చింది. పథకం దిగ్విజయమైందనీ, లబ్ధిదారుల సంఖ్య ఇప్పటికి ఒకటనీ మంత్రిగారు ప్రకటించిన పేపరు డబ్బా కింద పరిచి ఉంది.

ఆ ఒక్క లబ్ధిదారు, మన కార్యదర్శిగారు, చాప మీద కూర్చుని, వాళ్ళ గ్లాసులో టీ తాగుతోంది.

"ఇంకాస్త పొయ్యవూ, అమ్మాయ్" అంది, గ్లాసు చాపుతూ.