ఎద్దుగారి ఎర్ర డ్రాయరు

“ఈ సంవత్సరం ఏ జంతువుదీ కాదు!”

హేషీ జిల్లా పాతాచారాల సంస్కరణ కార్యాలయం జారీ చేసిన నూట ఏడో నంబరు సర్క్యులరు ఈ వాక్యంతో మొదలైంది. సంవత్సరం నెలలది, నెలలు రోజులవి, రోజులు ప్రజలవి. కాబట్టి ఇందులో పందికి ఏ విధమైన వాటా గాని హక్కు గాని లేదనీ, ఫలానావాడు పంది ఏట పుట్టాడు, ఏడాదికో జంతువు చొప్పున పన్నెండేళ్లు గడిచి మళ్లీ పంది యేడు తిరిగొచ్చింది, ఇక సంవత్సరాధిపతి తాయ్‌సూయ్ వాడి మీద కన్నెర్ర చేస్తాడు, అంచేత వాడు ఏడాది పొడుగునా ఎర్ర డ్రాయరు తొడుక్కోవాలి అనడం శుద్ధ మూఢత్వమనీ, ఉద్యోగి ఎవరైనా అటువంటి డ్రాయరుతో పట్టుబడితే ఆత్మవిమర్శ రాసి మూడు ప్రతులు దాఖలు చెయ్యాలనీ దాని సారాంశం. కింద జానెడు సంతకం: డైరెక్టర్ చియావ్ దెహై.

సంతకం చేసేటప్పుడు చియావ్ గారు కుర్చీలో కాస్త ఇటూ అటూ కదిలారు. కొత్త డ్రాయరు. ఎర్రది. నడుం దగ్గర బిగుతు.

చియావ్ గారు నిజంగా పుట్టింది పంది ఏట. ఆ సంగతి ముగ్గురికే తెలుసు. ఒకరు చియావ్ గారు, రెండోవారు భార్య షుచిన్. మూడోవాడు పాతికేళ్ల కిందట ఒక గిన్నెడు చేపల పులుసు తాగి, ప్రమోషనుకి అడ్డం వస్తున్న పుట్టిన సంవత్సరం మీద ఒక్క సిరా చుక్క రాల్చిన గుమాస్తా. అతను ఎప్పుడో పోయాడు. చుక్క మాత్రం ఉంది. ఆ చుక్క పుణ్యమా అని చియావ్ గారు రెండేళ్లు చిన్నవారైపోయారు. పంది తర్వాత ఎలుక, ఎలుక తర్వాత ఎద్దు. అంటే ఫైల్లో ఆయన ఎద్దు!

ఆ ఎద్దు పాత్రను ఆయన ఎంత శ్రద్ధగా పోషించారనుకున్నారు! ఏ సభలోనైనా, “నేను ఎద్దు ఏట పుట్టినవాణ్ణి. మెడ మీద కాడి లేకపోతే నాకు నిద్ర పట్టదు,” అనేవారు. కింది ఉద్యోగులు ప్రతి పుట్టినరోజుకీ ఎద్దు బొమ్మ బహూకరించేవారు. ఇత్తడి ఎద్దు, పింగాణీ ఎద్దు, వేడి టీ పోస్తే ముక్కులోంచి పొగ వదిలే టీ కూజా ఎద్దు... ఇల్లంతా ఎద్దులే. గడ్డివామి ఒక్కటే తక్కువ.

అయితే అసలు గండం ఇప్పుడొచ్చింది. పన్నెండు జంతువులూ ఐదు చుట్లు తిరిగితే అరవై ఏళ్లు. అరవై నిండితే ఉద్యోగానికి స్వస్తి. పుట్టిన లెక్కన ఈ ఏటితో చియావ్ గారి కుర్చీ ఖాళీ. ఫైలు లెక్కన ఇంకా రెండేళ్లు. ఈ పంది ఏట ఆయన ఒంటిమీద ఎర్రగుడ్డ ఎవరి కంటపడినా, రెండేళ్ల కుర్చీయే కాదు, పింఛనూ పరువూ కూడా పోతాయి.

“నాకొద్దే ఆ డ్రాయరు!” అన్నారు మొదట్లో, కొత్త సంవత్సరం పండగ నాడు భార్యతో.

“ముసలోడా, ఫైలుని మోసం చెయ్యగలవు. తాయ్‌సూయ్ నీ ఫైలు చూస్తాడా?” అంది షుచిన్. “కిందటి పంది ఏట ఇలాగే నవ్వావు. ఏమయింది? కడుపులో రాళ్లు. అంతకుముందు పంది ఏట సైకిలుతో సహా కాలవలో పడ్డావు.”

“బ్రేకు లేక పడ్డానే!”

“ఆ బ్రేకు ఎవరు తీశారనుకున్నావ్?”

పండగ వెళ్లిన మూడో రోజున చియావ్ గారు ఆఫీసు మెట్ల మీద మంచులో జారారు. ఆసరాకి కార్యాలయం పేరు రాసిన చెక్కబోర్డు పట్టుకున్నారు. బోర్డు కూడా ఆయనతోనే వచ్చేసింది. ఆ సాయంత్రం ఇంటికి కుంటుతూ వచ్చి, “ఏదే, ఆ గుడ్డ ఇలా తే,” అన్నారు.

అది మొదలు ఆయన ఆ ఏటి శక్తితో సమతూకంగా బతకడం ప్రారంభించారు. తాయ్‌సూయ్ వాయవ్యాన కూర్చుంటాడు కాబట్టి, వెలుతురు కోసమని చెప్పి బల్ల అటునుంచి ఇటు తిప్పించారు. పందికి పులి నేస్తం కాబట్టి, మనవడి గుడ్డపులి ఒకటి కోటు జేబులో పెట్టుకున్నారు. నడుం పైన ప్రభుత్వం, నడుం కింద తాయ్‌సూయ్. ఇద్దరికీ సరిహద్దు తోలు బెల్టు.

నెలరోజులు ఇలా రెండు రాజ్యాలూ ప్రశాంతంగా నడిచాయి. అప్పుడు దిగింది, రాష్ట్రం నుంచి వయోనిర్ధారణ సంఘం!

అధికారులు వయసు దాస్తున్నారని పైవాళ్లకి అనుమానం వచ్చింది. సంఘం నాయకుడు తోంగ్. సన్నగా, పొడుగ్గా, రెప్ప వెయ్యకుండా చూసే మనిషి. రెండు రోజులు ఫైళ్లన్నీ తిరగేశాడు. మరక ఉన్నచోటల్లా భూతద్దం పెట్టాడు. ఏమీ తేలలేదు.

“ఇంత చలిలో వచ్చారు,” అన్నాడు డిప్యూటీ డైరెక్టర్ పాంగ్, చేతులు నలుపుకుంటూ. “సాయంత్రం అందరం కలిసి వేడినీళ్ల స్నానశాలకి వెళదామా? పెద్ద తొట్టి. వీపు రుద్దేవాడు కూడా గట్టివాడు.”

పదిహేనేళ్లుగా డైరెక్టరు కుర్చీకేసి చూసి చూసి పాంగ్ మెడ ఒక పక్కకి వంగిపోయింది. ఆ వంకర మెడ మీది నవ్వు చూడగానే చియావ్ గారికి సంగతి బోధపడింది. కాని అతిథులు స్నానానికి వెళుతుంటే ఇంటి పెద్ద రానంటే ఎలా?

వెంటనే మరుగుదొడ్డికి వెళ్లి ఎర్ర డ్రాయరు విప్పేశారు. ఎక్కడ దాచడం? ప్రజల దగ్గర స్వాధీనం చేసుకున్న మూఢవస్తువుల బీరువాలో పడేశారు. అక్కడైతే ఎవరూ ఆశ్చర్యపోరు. నలభై ఏళ్ల సర్వీసులో మొట్టమొదటిసారి, లోపల దాపరికం ఏమీ లేకుండా ఆయన ఆఫీసు మెట్లు దిగారు. ఒక్కో మెట్టూ తడిమి తడిమి దిగారనుకోండి!

బట్టలు విప్పితే అధికారులందరిదీ ఒకటే గ్రేడు. తోంగ్ అందరికంటే ముందే వెళ్లి గొంతుదాకా నీళ్లలో కూర్చున్నాడు. ఆవిరి చాటున చియావ్ గారు కూడా ధీమాగా తువ్వాలు తీసి గట్టు మీద పెట్టారు.

“అయ్యయ్యో, డైరెక్టర్ గారూ!” స్నానశాల పెంకులు ఎగిరేలా అరిచాడు పాంగ్. “నడుం చుట్టూ ఆ ఎరుపేమిటండీ?”

చియావ్ గారు కిందికి చూసుకున్నారు. నెలరోజుల చెమటకి చౌకరకం గుడ్డ తన రంగంతా ఒంటికి ధారపోసింది. నడుం చుట్టూ, తొడల చుట్టూ, జిల్లా పటంలో సరిహద్దుల్లా ఎర్రటి గీతలు!

“తామర,” అన్నారు చియావ్ గారు. “అప్పుడప్పుడూ వస్తూంటుంది.”

“పాపం! పన్నెండేళ్లకోసారా?” అన్నాడు పాంగ్.

అంతలో వీపు రుద్దే గె తాత వచ్చి, అడక్కుండానే చియావ్ గారిని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి గరుకుగుడ్డతో రెండు రుద్దులు రుద్దాడు. గుడ్డ ఎత్తి అందరికీ చూపించాడు. గులాబీ రంగు!

“తామరయితే నా గుడ్డకి అంటదు బాబూ. ఇది సంత చివరి కొట్టు సరుకు. ఈ నెలలో మీరు నాకు పద్నాలుగో పంది!”

“పొరపాటు, తాతా,” అన్నాడు తోంగ్ నీళ్లలోంచి. “ఫైల్లో ఆయన ఎద్దు.”

“ఫైలు నేనెప్పుడూ రుద్దలేదు బాబూ. నేను రుద్దేది నడుమే.”

కుళాయి ఒక్కటి కారుతోంది. సంఘం సభ్యులు ముగ్గురూ చియావ్ గారి నడుంకేసీ, ముఖంకేసీ మార్చి మార్చి చూస్తున్నారు. చియావ్ గారి ముందు రెండు నేరాలున్నాయి. వయసు దొంగతనానికి శిక్ష కుర్చీ ఊడటం. మూఢత్వానికి శిక్ష ఆత్మవిమర్శ, మూడు ప్రతులు. ఏది తేలికో ఎంచుకోవడానికి కుళాయి రెండు చుక్కలు కారేంత సేపు పట్టింది.

ఆయన బల్ల దిగి, ఛాతీ విరుచుకుని నిలబడ్డారు.

“ఒప్పుకుంటున్నాను! నేను మూఢుణ్ణి! పచ్చి మూఢుణ్ణి! కాని ఎద్దునే!”

“పంది ఏట ఎద్దుకి ఎర్ర డ్రాయరెందుకు?” అన్నాడు పాంగ్. “ఏ పంచాంగంలో ఉందో చెప్పండి!”

“మన బీరువాలోనే ఉంది, నలభై రెండో పేజీ. మీరు సీలు వేశారు, నేను చదివాను. పంది నుంచి లెక్కపెట్టుకుంటూ రెండిళ్లు ముందుకి వస్తే ఎద్దు. ఆ ఇంట్లో ఈ యేడు శోకద్వారమనే చెడ్డ చుక్క తిష్ట వేసింది. ఇలాంటప్పుడు ఎద్దువాడు చావు భోజనాలకి వెళ్లకూడదు, నడుం మీద ఎరుపు విడవకూడదు. నేను పిరికివాణ్ణి, విడవలేదు. రాసుకోండి!”

అంత గట్టిగా, అంత వివరంగా చెప్పాక ఎవరు కాదంటారు? సభ్యుల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. “సంఘం తరఫున కాదు... ఊరికే అడుగుతున్నాను. మరి కుందేలుకి?”

“కుందేలుకి పంది చుట్టమే. కాని కొత్త గుమ్మం పెట్టకండి.”

“గుమ్మం పెట్టించాలనుకుంటున్న మాట మీకెలా తెలిసింది!” అంటూ ఆయన నీళ్లలో నాలుగడుగులు దగ్గరికి జరిగాడు.

“కోతికండీ?” అన్నాడు రెండో ఆయన. “మా ఆవిడ కోతి.”

“వెనకనుంచి పోటు. ఆవిడని వదినగారితో మాట్లాడనివ్వకండి.”

కాసేపటికి తొట్టి ఒడ్డున చియావ్ గారు, చుట్టూ నడుం లోతు నీళ్లలో సంఘం సభ్యులు. పాంగ్ ఒక్కడే మూల నిలబడి, “ఇదంతా మూఢత్వం కాదా? నూట ఏడో సర్క్యులరు ఏమయినట్టు?” అని రెండుసార్లు అరిచాడు. మూడోసారి గొంతు తగ్గింది.

“అది సరే... కోడికి ఎలా ఉందిట?”

చియావ్ గారు పాంగ్‌ని చాలాసేపు జాలిగా చూశారు. “కోడికా? ఈ యేడు, పై యేడు కూడా కోడి పై కొమ్మకేసి ఎగరకూడదు నాయనా. రెక్క విరుగుతుంది. ఉన్న దూలం మీదే కదలకుండా కూర్చుంటే ప్రాణానికి ఢోకా లేదు.”

పాంగ్ ముఖం పాలిపోయింది. తువ్వాలు చుట్టుకుని, జారకుండా గోడ పట్టుకుని, బయటికి నడిచాడు.

తోంగ్ చెయ్యి ఊపాడు. “మీరంతా వెళ్లి టీ తాగండి. నేను డైరెక్టర్ గారిని విడిగా విచారిస్తాను.” గె తాతతో సహా అందరూ వెళ్లారు. ఇద్దరే మిగిలారు. చియావ్ గారు మెల్లిగా తొట్టిలోకి దిగి ఎదురుగా కూర్చున్నారు.

“చియావ్ గారూ,” అన్నాడు తోంగ్, గడ్డం నీళ్లకి ఆనించి. “నాకు తెలిసినవాడొకడున్నాడు. పుట్టింది పాము ఏట. ఫైల్లో మాత్రం, ఎలా జరిగిందో ఏమో, గొర్రె.”

“రెండేళ్లు,” అన్నారు చియావ్ గారు. “సిరా చుక్కా?”

“నీళ్లు ఒలికాయి. పాముకి పంది ఎదురు శత్రువట కదా. పాపం వాడు పండగ నుంచీ నిద్రపోవడం లేదు. పరిహారం ఏ జంతువుకి చేసుకోవాలంటారు? పుట్టిన జంతువుకా, ఫైల్లో జంతువుకా?”

చియావ్ గారు అప్పుడు గమనించారు. సాయంత్రం నుంచీ తోంగ్ ఒక్కసారి కూడా నీళ్లలోంచి లేవలేదు.

“ఎరుపు పుట్టిన జంతువుకి, జీతం ఫైల్లో జంతువుకి,” అన్నారాయన. “ఒకదాని మేత ఒకటి తినకుండా చూసుకోవాలి. సమతూకమంటే అదే.”

తోంగ్ గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. నీళ్లు చల్లబడుతున్నాయి. ఇద్దరూ కదల్లేదు.

“మీరు ముందు లేవండి,” అన్నాడు తోంగ్ మర్యాదగా. “పెద్దవారు.”

“అతిథులు మీరు. మీరే లేవండి. అయినా నేను మీకంటే ఎంత పెద్ద?”

తోంగ్ నీళ్లలోంచి చెయ్యి తీసి వేళ్లు మడిచాడు. ఎద్దు నుంచి గొర్రె దాకా ఒకసారి లెక్కపెట్టాడు. మళ్లీ మొదటినుంచి, పంది నుంచి పాము దాకా ఇంకోసారి లెక్కపెట్టాడు. అతని ముఖం వికసించింది.

“ఎలా చూసినా ఆరేళ్లే! తేడా ఏమీ రాలేదు. రికార్డు సక్రమంగా ఉందని రాసేస్తాను.”