ఖండాంతర సైకిల్ యాత్రకు మా ఊరి సన్నాహాలు

కొండప్రాంతాల అభివృద్ధి శాఖ మంత్రిగారు తెలియని ఖండానికి వెళ్లి, అక్కడి కొండల మీద సైకిలు తొక్కి, ఆ అనుభవంతో మన కొండలను ఉద్ధరిస్తారని పత్రికల్లో ప్రకటన వచ్చింది. ముందస్తు శిక్షణ మా ఊరి కొండ మీద జరుగుతుందని చివరి వాక్యంలో ఉంది. ఆ వాక్యం చదివాక మా ఊళ్లో ఎవరికీ నేల మీద కాలు ఆనలేదు.

మా కొండ పెద్దదేమీ కాదు. కానీ దాని కడుపులోంచి ఒక ఊట వస్తుంది. మేం తాగేదీ, మా చేలు తడిసేదీ ఆ నీళ్లతోనే. పోయినేడు మంత్రిగారి బావమరిది ఆ కొండను కంకర చేసి దేశసేవ చేద్దామనుకున్నారు. లారీలు పైకెక్కడానికి దారి కావాలన్నారు. కొండ మొదట్లో ఉన్నది మా మేనత్త చేను. ఆవిడ గజం స్థలం కూడా ఇవ్వనంది. ఊరంతా ఆవిడ వెనక నిలబడింది. మంత్రిగారు స్వయంగా వచ్చి, "మీ ఇష్టం లేకుండా ఆ కొండ మీద గంపెడు మట్టి కూడా కదలదు" అని మాటిచ్చారు. సొంత బావమరిదికి కూడా లొంగని ఆ నిబ్బరం చూసి నేను ఆరోజే ఆయన అభిమానినయ్యాను.

నాకు డిగ్రీ ఉంది, సైకిల్ షాపూ ఉంది. అన్నం పెట్టేది రెండోది. అందుచేత నన్ను యాత్రకు టెక్నికల్ అడ్వైజర్‌గా వేసుకున్నారు.

మంత్రిగారు మొదటిరోజు నా షాపు ముందు కుర్చీలో కూర్చున్నారు. నేను వినయంగా అడిగాను.

"ఏ ఖండం సార్?"

"తెలియని ఖండం."

"అంటే..."

"ఏమయ్యా, తెలిసిన చోటికి వెళ్లి తెలుసుకునేదేముంటుంది?"

ఆ లోతుకి నేను తలవంచాను. పి.ఎ. బడి నుంచి గ్లోబు తెప్పించాడు. మంత్రిగారు కళ్లు మూసుకుని దాన్ని తిప్పి, వేలు పెట్టారు.

"సార్, అది సముద్రం" అన్నాడు పి.ఎ.

"దాని పక్కది ఖాయం చెయ్యి."

అంతలో మా మేనత్త వచ్చింది. ఆవిడకి ఎవరి ముందు ఏం అడగకూడదో తెలీదు. "అది సరే బాబూ, నీకు సైకిలు తొక్కడం వచ్చా?" అంది.

మంత్రిగారు నవ్వారు. "ఎన్ని పార్టీలు మారానమ్మా! ఒక్కసారైనా కిందపడ్డానా?"

కొత్త సైకిలు తెచ్చారు. నేను సీటు పట్టుకున్నాను, పి.ఎ. హ్యాండిల్ పట్టుకున్నాడు, ఇద్దరు గన్‌మెన్‌లు చెరో పక్కా పట్టుకున్నారు. మంత్రిగారు గంట కొట్టారు. అంత నిష్ఠగా గంట కొట్టిన మనిషిని నా సర్వీసులో చూడలేదు.

ఇక కొండ ఎక్కాలి. అక్కడున్నది మేకలు నడిచే బాట. మంత్రిగారు దాన్ని చూసి నిట్టూర్చారు.

"వెడల్పు చేయిద్దామా సార్?" అన్నాడు పి.ఎ.

"వద్దు. మాటిచ్చాను. గంపెడు మట్టి కదలకూడదు. పక్కూరి కొండకి పోదాం పదండి. వాళ్లు అప్పుడే పూలదండలు పట్టుకుని నిలబడ్డారట."

మేనత్తకి చర్రుమంది. "పక్కూరా? వాళ్లది కొండేనా, చీమల పుట్ట! వాళ్ల పేరు పేపర్లో పడాలా? ఒరేయ్ అల్లుడూ, పార తేరా!"

మొదటి పార వేసింది ఆవిడే. ఆడా మగా అందరం దిగాం. సాయంత్రానికి సైకిలు పట్టే దారి తేలింది.

పి.ఎ. వచ్చి చూసి, "సార్ ఒక్కరే ఎలా వెళ్తారండీ? అటో గన్‌మాన్, ఇటో గన్‌మాన్ తొక్కాలి కదా" అన్నాడు. న్యాయమే కదా అని మూడు సైకిళ్లు పట్టేలా వేశాం. ముందు ఫోటోగ్రాఫర్ల జీపు ఉండాలన్నాడు. జీపు పట్టేలా వేశాం.

"మరి పడితే?" అంది మేనత్త. "మంత్రి మా ఊళ్లో పడి దెబ్బలు తగిలించుకున్నాడంటే మాకెంత అప్రదిష్ట! వెనక అంబులెన్సు ఉండొద్దూ?"

"మీకున్న ముందుచూపు మా డిపార్ట్‌మెంటుకి లేదు పెద్దమ్మగారూ" అని పి.ఎ. చేతులు జోడించాడు. "కాకపోతే మలుపులో అంబులెన్సు తిరగదేమో..."

ఆవిడ తన చేను గట్టు కొట్టించి మలుపు ఇచ్చింది. గజం ఇవ్వనన్న చేను అది. ఎదురుగా ఇంకో బండి వస్తే తప్పుకోవాలి కదా అని ఇంకాస్త ఇచ్చింది.

రోడ్డు మెత్తగా ఉంటే సైకిలు చక్రం దిగబడుతుందని బావమరిదిగారు రోలరు ఉచితంగా పంపారు. పాత సంగతులేవీ మనసులో పెట్టుకోలేదు. "మా బావ క్షేమం కంటే నాకేం కావాలి?" అన్నారు. బరువు ఆగుతుందో లేదో చూడాలని నిండా రాళ్లు పోసిన టిప్పర్ని పైదాకా ఎక్కించి దించారు. ఎక్కడా పగులు రాలేదు. చప్పట్లు కొట్టాం. మేనత్త ఈల వేసింది. ఆవిడకి ఈల వేయడం వచ్చని మాకు ఆరోజే తెలిసింది.

కొండ ఎక్కే రోజు మంత్రిగారు హెల్మెట్ పెట్టుకుని రోడ్డు మొదట్లో నిలబడ్డారు. కొండను తేరిపార చూశారు. మైకు అందుకున్నారు.

"ప్రజలు తమ చేతులతో, తమ ఇష్టంతో, తమ చేల గట్లు కొట్టి వేసిన ఈ దారి చూశాక ఇంకో ఖండం నాకెందుకు? నా అధ్యయనం పూర్తయింది. యాత్ర రద్దు చేసుకుంటున్నాను!"

ఇంత త్యాగం మేం ఊహించలేదు. పక్కూరివాళ్లు కూడా ఏడ్చారు.

మర్నాడు పొద్దున షాపు తెరిచేసరికి రోడ్డు మొదట్లో లారీలు బారుగా ఆగి ఉన్నాయి. అన్నిటికంటే ముందు లారీ మీద రాళ్లకు చిల్లులు పొడిచే యంత్రం ఉంది. పి.ఎ. చేత్తో దారి చూపిస్తున్నాడు.

మేనత్త చెంబు అక్కడే పారేసి పరుగెత్తింది. "ఏమయ్యా, మా ఇష్టం లేకుండా కదలదన్నారు కదా!"

"మీ ఇష్టంతోనే కదండీ పెద్దమ్మగారూ. పేపర్లో మొదటి పార మీ చేతిలోనే ఉంది. ఫోటో చాలా బాగా వచ్చింది."

ఆవిడ కొంగు నడుముకి బిగించి, రోడ్డుకి అడ్డంగా పడుకుంది.

ముందు లారీ డ్రైవరు బుద్ధిమంతుడు. హారన్ కూడా కొట్టలేదు. స్టీరింగు కాస్త పక్కకి తిప్పి, ఆవిడ కాళ్లకి దుమ్మయినా అంటకుండా పక్కనుంచి పైకి పోయాడు. రెండోవాడూ అంతే.

మేనత్త తల ఎత్తి నన్ను చూసింది. "ఒరేయ్ అల్లుడూ, నువ్వూ వచ్చి పడుకోరా."

వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర తల పెట్టి, బారుగా పడుకున్నాను. మూడో లారీ వచ్చింది. మాకు అవతల దానికి ఇంకా బోలెడు చోటుంది.