డొల్లగా మోగిన గోడ

ఆ రోజుకి అనుకున్నది ఇంతే. కూతురు తొమ్మిదింటికల్లా ఇంటి బయటి గోడ పరీక్షించాలి, పదింటికి రిపోర్టు రాయాలి, పదకొండింటికి సారుకి పంపాలి, పన్నెండింటికి తల్లీకూతుళ్ళు కలిసి అన్నం తినాలి. అన్నం మాట తల్లి చేర్చింది.

గోడల తనిఖీ నేర్పే చోట కూతురు చేరి నెలయింది. ఇళ్ళకి బయట వేసే గరుకు పూతని స్టకో అంటారట. అది ఎక్కడ ఊడిందో, ఎక్కడ నీరు పట్టిందో చూసి చెప్పడం కూడా ఒక ఉద్యోగమట. మొదటి పరీక్షకి ఏదో ఒక ఇల్లు ఎంచుకోమన్నారు సారు. ఆ పిల్ల రెండో ఆలోచన లేకుండా సొంతిల్లే ఎంచుకుంది. ఆ పూత వేసింది తాపీ పని చేసే నాన్న. ఆయన పోయి ఎనిమిది నెలలు.

"నాన్న గోడకి వంక పెట్టేవాడు పుట్టలేదమ్మా. నూటికి నూరూ వస్తాయి చూడు" అంది.

తల్లికి మాత్రం తెల్లవారకముందే గుండె దడ మొదలైంది. పిల్ల నిచ్చెన ఎక్కుతుంది, ఎక్కితే జారుతుంది, జారితే... ఆ పైన ఆలోచించలేక లేచి, పైపు పెట్టి గోడంతా కడిగింది. పరీక్షకి వెళ్ళే పిల్లకి మొహం కడిగి పంపమూ? గోడకీ అంతే.

కూతురు స్క్రూడ్రైవర్ తిరగేసి పిడితో గోడ మీద కొట్టింది. డుబ్. రెండడుగులు జరిగి మళ్ళీ కొట్టింది. డుబ్, డుబ్. మూల దగ్గర, కిటికీ కింద, తలుపు పక్కన, ఎక్కడ కొట్టినా ఖాళీ డబ్బా మీద కొట్టినట్టే ఉంది. పిల్ల మొహంలో నెత్తురు లేదు.

"ఏమైందే?"

"ఏం లేదులే."

"ఏం లేకపోతే ఆ మొహం ఏంటి? చెప్పవే తల్లీ, నా ప్రాణం పోయేలా ఉంది!"

"పూత గట్టిగా అంటుకుని ఉంటే ఠంగుమనాలమ్మా. డొల్లగా మోగితే లోపల ఊడిపోయినట్టు. ఇది మొత్తం డొల్లే."

ఇక తల్లి ఆగలేదు. గోడకి ఆనుకుని ఉన్న మంచాన్ని నట్టింట్లోకి లాగింది. బీరువాని తోయబోతే నడుం పట్టేసింది. బయటికొచ్చి ఇల్లు చుట్టూ చూస్తే, గోడ కింది అంచున వేసిన పట్టీ పొడుగునా వరసగా చిన్న చిన్న రంధ్రాలు. ఇన్నాళ్ళూ ఏ కళ్ళు పెట్టుకుని చూసిందో! డొల్లగోడలోకి నీరు దూరేది ఇక్కడినుంచే అనుకుని, డబ్బాలో మిగిలిన పుట్టీ తెచ్చి ఒక్కటీ వదలకుండా పూడ్చేసింది. అప్పటికి కాస్త ఊపిరి ఆడింది.

ఆ ఊపిరి నిలవలేదు. కూతురు తేమ కొలిచే మీటరు తెచ్చి గోడకి ఆనించింది. అది కాకిపిల్లలా అరిచింది.

"ఇంత తడా! వాన పడి నెల అయిందే!"

కడిగిన సంగతి చెప్పాలని తల్లికి తోచలేదు. కడగడం ఆమె లెక్కలో పనే కాదు.

ఆ గోలకి పక్కింటి టీచరు వచ్చింది. వాళ్ళ గోడకి పూత వేసిందీ ఈ ఇంటాయనే. సంగతి వినగానే వెళ్ళి గరిటతో తన గోడ మీద ఒక్కటి వేసింది. ఠంగ్! వీధి మలుపు దాకా వినిపించింది.

"మాది గుండ్రాయిలా ఉందమ్మా" అంది టీచరు, సంతోషపడాలో వద్దో తెలియక. "అన్నయ్యగారి చేతి పని కదా మరి. మీ గోడే ఎందుకిలా..."

ఆ మాట మధ్యలో ఆగిపోయింది గానీ, తల్లి గుండెలో మాత్రం ఆగలేదు. ఊరందరికీ గట్టి గోడలు వేసినవాడు పెళ్ళాం బిడ్డలకి డొల్లగోడ వేశాడా? వడ్రంగి ఇంట్లో విరిగిన పీట అంటారే, ఇదేనా అది? ఇరవై నాలుగేళ్ళ కాపురంలో తాను ఆయనకి కనపడిందా, లేదా? ఆయన ఉంటే నిలదీసేది. నిలదీయడానికి మనిషి లేడు.

"తవ్వి చూడు" అంది.

"అమ్మా, గోడ పాడవుతుంది."

"పాడవడానికి ఇంకేం మిగిలింది? తవ్వు. నాకు తెలియాలి."

కూతురు కిటికీ కింద జానెడు మేర కోసింది. పల్చటి పెచ్చు ఊడింది. లోపల సిమెంటు లేదు. తెల్లగా, తేలిగ్గా, పూసలు పూసలుగా రాలింది.

టీచరు చేతిలోకి తీసుకుని నలిపి చూసింది. "వదినా... ఇది థర్మాకోల్. కొత్త టీవీతో పాటు డబ్బాలో వస్తుందే, అది."

తల్లి మెట్టు మీద కూలబడింది. ఏడవలేదు. ఆయన పోయినప్పుడు ఏడ్చిన ఏడుపులో ఎంత వృథా పోయిందో లెక్క వేసుకుంటున్నట్టు చూస్తూ కూర్చుంది.

"ఇది నేను రాయలేనమ్మా" అంది కూతురు.

"ఉన్నది రాయి. మీ నాన్నే అనేవాడు కదా, వంకర గోడకి సున్నం కొడితే వంకర పోదని."

పిల్ల కళ్ళు తుడుచుకుంటూ రాసింది. 'పూత వేసి పదకొండేళ్ళు. గోడ మొత్తం డొల్ల. లోపల తేమ. వాడిన సరుకు నాసి. ఇల్లు ఖాళీ చేయడం మంచిది.' ఆ ఆఖరి మాట తల్లి పట్టుబట్టి రాయించింది. రాసిందాన్ని ఫోనులో పంపి, టీచరు సాయంతో మంచం, పరుపు, గిన్నెలు, ఆయన ఫొటో వీధిలోకి చేర్చారు.

రిపోర్టు చదివిన సారు గంటలో పరుగున వచ్చారు. తలనెరిసిన మనిషి. వీధిలో మంచం మీద కూర్చున్న తల్లిని దాటి, కోసినచోట వేలు పెట్టి చూశారు. గోడ మూలని అరచేత్తో నిమిరారు. కింది పట్టీ దగ్గర వంగి చాలాసేపు లేవలేదు.

"మీటరు పెట్టేముందు గోడ ఎవరైనా తడిపారా?"

"పొద్దున్నే కడిగాను" అంది తల్లి. కూతురు నుదురు కొట్టుకుంది.

"ఇది సింథటిక్ స్టకో అమ్మాయ్. నీకు వచ్చే నెల పాఠం. థర్మాకోల్ పలక, దాని మీద వల, వల మీద పూత. ఆరోగ్యంగా ఉన్నా డొల్లగానే మోగుతుంది. ఎండ లోపలికి రానివ్వదు, చలి రానివ్వదు. మామూలు పూత కంటే రెండింతల చాకిరీ. చూడు, మూలమూలకీ వల మడిచి చుట్టాడు. అంత ఓపిక ఎవరికుంటుంది?" అని మళ్ళీ కిందికి చూపించారు. "ఈ రంధ్రాలు పూడ్చిందెవరు?"

"నేనే. నీళ్ళు దూరతాయని."

"దూరడానికి కాదమ్మా అవి. దూరినవి పోవడానికి. ఇప్పుడు ఆ కోసినచోట నుంచి నీళ్ళు దిగితే, బయటికి దారి లేదు. పదకొండేళ్ళు నిక్షేపంగా ఉన్న గోడ. దీనికి జరిగిన చెడంతా ఇవాళ పొద్దుటి నుంచే."

అప్పుడు ఆయన చూపు మంచం మీది ఫొటో మీద పడింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఈయనా! నా దగ్గరే నేర్చుకున్నాడమ్మా ఈ పని. పగలంతా కూలికి పోయి సాయంత్రాలు వచ్చేవాడు. ఇంతపని ఎవరింటికయ్యా అంటే, సొంతింటికి సార్ అన్నాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?" తల్లి గొంతు కీచుమంది. "పని జరిగినన్నాళ్ళూ నన్ను పుట్టింట్లో ఉంచి, సిమెంటేనని ఒట్టేశాడే నాతో!"

"నేనూ చెప్పమన్నాను. లేకపోతే ఎవరో ఒకరు మేకు కొడతారయ్యా అని. నవ్వాడు. 'ఇంటిచుట్టూ థర్మాకోల్ అని తెలిస్తే వానపడ్డ రాత్రి మా ఆవిడ కన్ను మూయదు సార్. సిమెంటనే అనుకోనివ్వండి, నిద్రపోతుంది' అన్నాడు."

తల్లి లేచి, తలలోంచి పిన్ను తీసి, గోడ పక్కన చతికిలబడి మొదటి రంధ్రంలోని పుట్టీ గీకడం మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళకి రంధ్రం కనపడక రెండుసార్లు వేలు గుచ్చుకుంది. కూతురు వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, నేను తీస్తాలే."

"నేను పూడ్చినవి నేనే తీస్తాను. నువ్వు ఆ కన్నం సంగతి చూడు."

చీకటి పడేలోగా సామాను లోపలికి చేరింది. సారు చెప్పినట్టు కూతురు కోసినచోట అతుకు వేసి, రిపోర్టు తిరగరాసింది: 'గోడకి లోపం లేదు. ఇంట్లోవాళ్ళకి ఉంది.'

ఆ రాత్రి వాన పడింది. ఆయన అన్నది అక్షరాలా నిజం: ఆమెకి నిద్ర పట్టలేదు.