నలభై రెండు ముఖాల అంచు

ఎన్నిసార్లు మడిచినా చెక్కుచెదరని డిజిటల్ తెరను ఆరు వారాల్లో ప్రజలకు అంకితం చేస్తున్నామని మంత్రిగారు ప్రకటించారు. దాని అంచు ఎంత సన్నగా ఉంటుందంటే, కళ్లద్దాలు పెట్టుకుని వెతుక్కోవాలన్నారు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తెర ఇంకా తయారు కాలేదన్న చిన్న విషయం ఆ ఉత్సాహానికి అడ్డు రాలేదు.

అడ్డు రావలసిన మనిషి చివరి వరుసలో కూర్చుని ఉంది. తెర తయారుచేస్తున్న ప్రభుత్వ ల్యాబ్‌లో ఆమెను మడతల మేడమ్ అంటారు. కిటికీ అంత తెరను పుస్తకంలా మధ్యకి మడవాలి, విప్పితే బొమ్మ చెదరకూడదు. ఏడేళ్లుగా ఆమెకు అదే పని. వైర్లన్నీ అంచులోంచే పోతాయి. వాటిని సర్దుకుంటూ సర్దుకుంటూ ఆమె అంచును ఐదు మిల్లీమీటర్ల నుంచి పాయింట్ ఎనిమిదికి తెచ్చింది. చిక్కల్లా మడత దగ్గరే. మడిచే యంత్రం ముప్పై వేల మడతలు దాటగానే తెర నడిమధ్యన ఒక నల్లటి గీత పడేది. తట్టుకోవలసినవి రెండు లక్షలు. మనుషులతో ముక్తసరిగా మాట్లాడే ఆమె, ఆ గీతతో మాత్రం మనసులో గంటలకొద్దీ వాదించేది. ఎక్కువసార్లు గీతే గెలిచేది.

సభ అయ్యాక మంత్రిగారి పీఏ ఆమె దగ్గరికి వచ్చాడు. "ఆరు వారాల్లో తెర రాకపోతే ల్యాబ్‌ని గోడౌన్ చేసేస్తారు మేడమ్. మీరేం టెన్షన్ పడకండి" అని ధైర్యం చెప్పి వెళ్లాడు.

మర్నాడు పార్టీ యువజన విభాగం అధ్యక్షుడు ల్యాబ్‌కి వచ్చాడు. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. మనవరాలిని స్కూల్లో దింపి అటునుంచి అటే వచ్చాడు.

"అంచు ఎంత పెట్టారమ్మా?"

"పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లండీ." ఆ అంకె చెప్పేటప్పుడు ఆమె గొంతు తనకు తెలియకుండానే కాస్త పెరుగుతుంది.

"మరి మేమెక్కడ?"

"మీరంటే?"

ఆయన జేబులోంచి పాస్‌పోర్టు సైజు ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. "ఫ్లెక్సీల్లో సారు బొమ్మ ఎక్కడుంటే దాని చుట్టూ మేముంటాం. ఇరవై ఏళ్ల నుంచి అంచులోనే ఉన్నాం. ఇవాళ మీరొచ్చి అంచే లేదంటే, రేపు ఇంట్లో నా మొహం ఎలా చూపించను?"

"లోపల తెర మీదే వేయొచ్చు కదండీ. బోలెడంత చోటుంది."

ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. "లోపలా! సారు పక్కన, సారుతో సమానంగానా? నా నోటి దగ్గర కూడు తీసేద్దామనా అమ్మా? పైగా లోపలిది స్విచ్ ఆపితే పోతుంది. మాకు ప్రింటు కావాలి."

మడిచే యంత్రం దగ్గర నిలబడ్డ టెక్నీషియన్‌ను అందరూ బాబాయ్ అంటారు. ఆయన తల ఊపాడు. "పాయింటేనమ్మా. ఆయన కరెంటు పోయినా ఉండాలంటున్నాడు."

బయటి కొలత మారకుండా అంచును నాలుగు సెంటీమీటర్లు చేయమని సాయంత్రానికి మెమో వచ్చింది. తర్వాత మహిళా విభాగం వచ్చింది, కార్మిక విభాగం వచ్చింది. ఏ విభాగమో ఎవరికీ తెలియని, అయినా ప్రతి ఫోటోలోనూ ఉండే ఒక పెద్దమనిషి వచ్చాడు. మంత్రిగారి బావమరిది వచ్చి నాలుగు మూలలూ తనకే కావాలన్నాడు.

"నాలుగూ ఎందుకండీ?" అంది మేడమ్.

"తెరని ఏ పక్కకి తిప్పి పట్టుకున్నా బావకి ముందు నేనే కనపడాలి. మా అక్క గట్టిగా చెప్పి పంపింది."

లెక్క నలభై రెండు ముఖాల దగ్గర ఆగింది. మంత్రిగారు ఇచ్చిన మాట తప్పే రకం కాదు గనుక, ఇకపై ముప్పై సెంటీమీటర్ల వరకు అంచును సన్నదిగానే పరిగణించాలని ఒక ఉత్తర్వు వెలువడింది.

మెమో వచ్చినప్పుడల్లా మేడమ్ తనలో కోపం కోసం వెతుక్కుంది. ఎక్కడో ఉండే ఉంటుందని ఆమె నమ్మకం. దొరికింది మాత్రం ఊరట. అంచు పెరిగినకొద్దీ తెర తగ్గుతోంది. తెర తగ్గినకొద్దీ ఆ నల్లటి గీత పడడానికి చోటు తగ్గుతోంది. ఏడేళ్ల శత్రువును ఎవరో పరాయివాళ్లు వచ్చి గదిలోంచి గెంటేస్తుంటే, తాను తలుపు పట్టుకుని నిలబడ్డట్టు అనిపించింది. తలుపు వదిలేద్దామని రెండుసార్లు అనుకుంది. గోడౌన్ గుర్తొచ్చింది. వదల్లేదు.

అయిదో వారానికి తెర పోస్టుకార్డంత అయింది. దాన్ని మడత మీద పడకుండా కాస్త పక్కకు అమర్చారు. యంత్రం టకటకా రెండు లక్షలు మడిచి ఆగింది.

"చెక్కు చెదర్లేదమ్మా!" బాబాయ్ కళ్లు మెరిశాయి.

"మడత తెర మీద పడితే కదా బాబాయ్."

"ఊరుకో తల్లీ. సర్టిఫికెట్లో తెర ఎక్కడుందని అడగలేదు."

ఆమె సర్టిఫికెట్ మీద సంతకం చేసింది.

మంత్రిగారు ముందుగా చూడటానికి వచ్చారు. తెర ముందు చాలాసేపు నిలబడ్డారు.

"ఇందులో నేనెక్కడయ్యా?"

"నడిమధ్యన సార్," అన్నాడు పీఏ, వేలుతో చూపిస్తూ. "అందరూ మీ వైపే చూస్తున్నారు."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "నా చుట్టూ ఇంత జనమా!" అని మేడమ్ భుజం తట్టారు. "నీలాంటివాళ్లు ఉండబట్టేనమ్మా మేం ఇలా ఉన్నాం."

ఆవిష్కరణ రోజు ఉదయం పది గంటలకు మంత్రిగారి పదవి పోయింది. పదకొండుకు సభ. ఆయన చోట ఎవరొస్తారో ఇంకా తేలలేదు. పీఏ పరుగున వచ్చాడు. నిన్నటి పీఏనే.

"మధ్యలో బొమ్మ తీసేయండి మేడమ్."

"ఎవరిది పెట్టమంటారు?"

"ఎవరిదీ వద్దు. రిస్కు. అంచు మాత్రం ముట్టుకోకండి."

సభ అనుకున్న వేళకే మొదలైంది. ముసుగు తీశారు. మధ్యలో ఖాళీ, చుట్టూ నలభై రెండు చిరునవ్వులు. చప్పట్లు మోగాయి. ప్రతివాళ్లూ వచ్చి తమ ఫోటో పక్కన నిలబడి ఫోటో దిగారు. తెరను మడిచారు, విప్పారు, మళ్లీ మడిచారు. ఏమీ కాలేదు. ల్యాబ్‌ను మూయబోవడం లేదని, విస్తరిస్తున్నామని వేదిక మీద నుంచి ప్రకటన వినబడింది. బాబాయ్ చటుక్కున కళ్లు తుడుచుకున్నాడు. మేడమ్ కూడా చప్పట్లు కొట్టింది. ఆగాలని తోచలేదు.

మర్నాడు ఆర్డరు వచ్చింది. పదివేల అంచులు. కరెంటు ఖర్చు దృష్ట్యా మధ్యలో తెర అవసరం లేదు, దాని బదులు గుండ్రటి రంధ్రం చాలు. ఆ సమయానికి ఎవరు పదవిలో ఉంటే వాళ్లు సభకు వచ్చి అందులో తల పెడతారు.

"రంధ్రం కొలత రాయలేదేంటి?" అని ఆమె ఫోన్లో అడిగింది.

"ఎవరి తలో మాకు మాత్రం ఎలా తెలుస్తుంది మేడమ్? మీరు ఇంజనీరు కదా, ఏదో ఒకటి వేసెయ్యండి. కొలత మధ్యాహ్నానికి కావాలి," అన్నాడు పీఏ.

ఆమె టేపు తీసింది. బాబాయ్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాది కొలవకమ్మా. మధ్యలో ఉన్నాయన పదవి ఏమైందో చూశాంగా. పిల్లలుగలవాణ్ణి."

ఆమె టేపును తన తల చుట్టూ తిప్పుకుని, నుదుటి మీద కలిసిన చోట వేలు పెట్టి చూసుకుంది. యాభై అయిదు సెంటీమీటర్లు.

కాగితం మీద చుట్టుకొలత అరవై అని రాసింది. "పదవిలో ఉన్న తల కాస్త పెద్దదవుతుంది బాబాయ్" అంది.