మూడుసార్లూ బొమ్మే

ఆదివారం పొద్దున్నే తిరుమలరావుకి ఒకటే పని: ఆ వారం ఎవరింటికి వెళ్లాలో తేల్చడం. గజపతినగరంలో అతని తల్లి అప్పలనరసమ్మ ఉంది. బొబ్బిలిలో యమున అమ్మానాన్నలున్నారు. శ్రీకాకుళంలో కాపురం పెట్టినప్పటి నుంచీ ఇదే గొడవ. రూపాయి బిళ్ల ఎగరేస్తే మొగుడిది చేతివాటమని యమునకు అనుమానం. అందుకని ఈమధ్యే ఫోన్లో నాణెం ఎగరేసే యాప్ వేసుకున్నారు. ఫోన్లో నాణేనికి అత్తామామలుండరు కాబట్టి పక్షపాతం చూపదని ఇద్దరూ ఒప్పుకున్నారు. బొమ్మ పడితే బొబ్బిలి, బొరుసు పడితే గజపతినగరం.

"నాను రైతుబజారుకెల్లొస్తాను. మూడుసార్లు ఎగరెయ్యి. ఏటి పడ్డాదో ఉన్నదున్నట్టు మెసేజి పెట్టు," అని యమున సంచీ పట్టుకుని వెళ్లింది.

తిరుమలరావు తల్లి వండే చేపల పులుసును తలచుకుని ఫోను నొక్కాడు. నాణెం తిరుగుతుండగా ఇంటి యజమానురాలు ధనలక్ష్మి గుమ్మంలోంచి ఏదో అడిగింది. తలెత్తకుండానే "ఊ" అన్నాడు. బొమ్మ పడింది. మళ్లీ నొక్కాడు. బొమ్మ. మూడోసారి కళ్లు మూసుకుని నొక్కాడు. బొమ్మే! నిర్ఘాంతపోయాడు. అయినా నిజాయితీపరుడు కనుక దాచకుండా రాశాడు: "పైకి ఎగిరి, గిరగిరా తిరిగి, మూడుసార్లూ బొమ్మే పడింది. కళ్లారా చూశాను. ఇప్పుడు సంతోషమేనా?" పంపేసి, ఫోను చార్జింగుకి పెట్టి, నీళ్ల ట్యాంకు కడగడానికి మేడెక్కాడు.

ఆ కబురు యమునకు వెళ్లలేదు. వాట్సాప్‌లో ఆమె పేరుకి సరిగ్గా పైనున్న 'మన కుటుంబం' గ్రూపుకి వెళ్లింది. అందులో రెండు వైపుల వాళ్లూ ఉన్నారు. నాణెం సంగతి వాళ్లెవరికీ తెలియదు. పైగా తిరుమలరావు ఆరేళ్ల కూతుర్ని హేమ అని పిలిచేది బడిలో టీచరు ఒక్కతే. మిగతా లోకానికంతటికీ ఆ పిల్ల బొమ్మ.

అల్లుడు ఫోనెత్తకపోయేసరికి అత్తగారు నారాయణమ్మ కూతురికి చేసింది.

"ఓలమ్మా, బొమ్మ మూడుసార్లు పడిపోనాదట! బేగి ఇంటికెల్లు, మేం కారు కట్టించుకుని వస్తన్నాం!"

ఏరుతున్న వంకాయలు అక్కడే వదిలేసి యమున ఆటో ఎక్కింది. తిరుమలరావు తడి లుంగీతో మెట్లు దిగుతుంటే ఏడుస్తూ ఎదురొచ్చింది.

"బొమ్మేదీ? పడిపోనాదట!"

తిరుమలరావు మెట్టు మీదే ఆగిపోయాడు. "ఎక్కడ? నీతో రాలేదా?"

"నీ దగ్గరే కదా ఒదిలెల్లాను!"

"పడ్డాదని ఎవులు సెప్పినారు?"

"మాయమ్మ!"

బొబ్బిలిలో ఉన్న అత్తగారికి తెలిసింది ఇంట్లో ఉన్న తనకి తెలియలేదే అనుకుంటూ తిరుమలరావు ఇంట్లోకి పరిగెత్తాడు. మంచాల కింద చూశాడు. ఇందాక తనే కడిగిన ట్యాంకు మూత మళ్లీ ఎత్తి చూశాడు. లుంగీతోనే రోడ్డెక్కి, "మా పాప పడిపోనాది, సూసినారా?" అని కనబడిన వాళ్లనల్లా అడిగాడు. వీధంతా పోగైంది. రెండు ఆసుపత్రులు తిరిగొచ్చారు. పిల్ల దొరక్కపోయినా ఎవరో పిలిచిన అంబులెన్సు మాత్రం ఇంటి ముందు సిద్ధంగా ఉంది.

అంతలో బొబ్బిలి కారు ఆగింది. దాని వెనకే అప్పలనరసమ్మ ఆటో దిగి గుండెలు బాదుకుంటూ వచ్చింది. నారాయణమ్మ అల్లుడి భుజం పట్టుకుంది.

"బొమ్మ పడతంటే సూసి, సంతోషమేనా అని రాస్తావేటి బావూ!"

"నానా? నానెప్పుడు రాసినాను?"

మామగారు జగన్నాధం తన ఫోను అతని ముఖం ముందు పెట్టాడు. తిరుమలరావు ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు.

సరిగ్గా అప్పుడే ఇంకో ఆటో వచ్చింది. అరసవల్లి గుడి క్యూలో పొద్దుట్నుంచీ నిలబడి వాడిపోయిన ధనలక్ష్మి, ఆమె వెనక బొమ్మ దిగారు. బొమ్మ చేతిలో సగం తిన్న ప్రసాదం ఉంది.

"గుడికి తీసుకెల్తానంటే ఊ అన్నావు కదా బాబూ?" అంది ధనలక్ష్మి జనాన్ని చూసి బిత్తరపోతూ.

"నాన్నా, ఎవులికేటయ్యింది?" అంది బొమ్మ అంబులెన్సును చూసి.

ఏడుపులు, ముద్దులు అయ్యాక తిరుమలరావు తలొంచుకుని జరిగిందంతా చెప్పాడు. బొమ్మ అంటే అత్తగారిల్లని, బొరుసు అంటే అమ్మ ఇల్లని. చెప్పకుండా ఉండాల్సిందని చెప్పాక తెలిసింది.

"మాయింటికి రాడానికి బిళ్ల ఎగరేస్తన్నారేటి?" అంది నారాయణమ్మ.

"నాను బొరుసేట్రా?" అంది అప్పలనరసమ్మ. కొంగుతో నిజంగానే కళ్లు ఒత్తుకుంది.

పెళ్లిలో మర్యాదల దగ్గర మాట పట్టింపు వచ్చినప్పటి నుంచీ ఆ వియ్యపురాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకుని ఎరగరు. ఇప్పుడు నారాయణమ్మ వెళ్లి అప్పలనరసమ్మ చెయ్యి పట్టుకుంది.

"రా వదినా. ఈలతో మనకేటి పని?"

యమున వండి పెట్టింది తిని, బొమ్మను మధ్యలో కూర్చోబెట్టుకుని పెద్దవాళ్లంతా ఒకే కారులో వెళ్లిపోయారు. ఏ ఊరికని అడిగే ధైర్యం మొగుడూ పెళ్లాలిద్దరికీ లేకపోయింది.

అంబులెన్సు డ్రైవరు తాగిన టీ గ్లాసుతో సహా పంపు కింద అంట్లు గుట్టపడ్డాయి. యమున భర్త వైపు చూసింది. తిరుమలరావు లుంగీ ఎగ్గట్టి, ఎవరూ చెప్పకుండానే పీచు అందుకున్నాడు.