ఎవరూ వాడని కోడ్

ఆ శుక్రవారం పొద్దున భానుప్రకాష్ పెట్టుకున్న పని ఒక్కటే. పూండి నుంచి పలాస వెళ్లి, జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని వైకుంఠరావును కలిసి, ఆయన కూతురు సింధూరను తనకిచ్చి పెళ్లి చెయ్యమని అడగాలి. వరసకు ఆయన మావయ్యే. సింధూర ఎప్పుడో సరేనంది. అడ్డంకల్లా కుర్రాడు చేసే పనే.

ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. అందులో పాత పరికరాలను నడిపించే కోడ్‌ను భానుప్రకాష్ చూసుకుంటాడు. తిండికి వేరే కంపెనీల పనులు చేస్తాడు. "డబ్బులు పుచ్చుకోకండా సేసేది ఉజ్జోగం ఎలగవుద్ది?" అని వైకుంఠరావు ప్రతి పెళ్లి భోజనంలోనూ అడుగుతూనే ఉన్నాడు.

ఫ్యాక్టరీలో అడుగు పెట్టేసరికి ఆయన వీరంగం వేస్తున్నాడు. కెమెరాతో చూసి గుండు పప్పునీ బద్దనీ విడదీసే మిషన్ ఆగిపోయింది. సాయంత్రం లోడు బయలుదేరాలి.

"సమయానికొచ్చినావు బాబూ! నీకు కంప్యూటర్లు తెలుసు కదా, సూడు."

భానుప్రకాష్ లోలోపల పొంగిపోయాడు. ఇది బాగుచేస్తే పెళ్లి మాట తేలిగ్గా ఎత్తవచ్చు. మిషన్‌ను నడిపే కంప్యూటర్‌లో ఉన్నదీ ఆ ఉచిత సిస్టమే; ఫ్యాక్టరీ కంప్యూటర్లు చూసుకునే సింధూర నిన్ననే దాని కొత్త వెర్షన్ ఎక్కించిందట. అందులో మిషన్ కెమెరాకు కావలసిన కోడ్ లేదు. తీసేసినవాడి గమనిక ఉంది: "ఈ కెమెరా కార్డును ఇప్పుడు ప్రపంచంలో ఎవరూ వాడటం లేదు." కింద ఉన్న పేరును భానుప్రకాష్ రెండుసార్లు చదివాడు. ఆ పేరు అతనిదే.

"ఏటైందిరా?"

"దీని కోడ్ ఎవరో తీసీసినారు మావయ్యా. ఎవుళూ వాడట్లేదనుకున్నారు."

"పలాసొచ్చి అడిగినాడా ఆడు? గట్టు మీద సెట్టు కొట్టాలన్నా ఊర్లో దండోరా ఏత్తాం మేము!"

"దండోరా ఏసినారు మావయ్యా. మెయిల్లో. ఎవుళూ పలకలేదు."

"జీడిపిక్కలు కొట్టుకునేటోళ్లం, మెయిళ్లు సూత్తామేటి? ఆడికి ఉత్తరం రాయి. నాను సెప్తాను, నువ్వు ఇంగిలీసులో కొట్టు. ఒరే బుర్రలేని ఎదవా..."

భానుప్రకాష్ 'గౌరవనీయులైన మహాశయా' అని ఇంగ్లీషులో కొట్టి పంపాడు. వెంటనే అతని జేబులో ఫోను టింగుమంది. మావయ్య రెండో ఉత్తరం చెప్పాడు. మళ్లీ టింగుమంది.

"ఎవరది?"

"అమ్మ, మావయ్యా."

వైకుంఠరావు అంతటితో ఊరుకోలేదు. పలాస జీడిపప్పు మీద ఎవడో కుట్ర పన్నాడని పక్క ఫ్యాక్టరీలకు ఫోన్లు చేశాడు. అందరూ చొక్కాలు తగిలించుకుని వచ్చేశారు. తలా ఒక తిట్టు చెప్పారు. కాశీబుగ్గ నుంచి వచ్చిన పెద్దాయన తిట్టు వినడానికి పప్పు ఏరే ఆడవాళ్లు కూడా పని ఆపి గుమ్మంలో నిలబడ్డారు. వాళ్లమ్మకి పనీపాటా లేదని అందరూ అనుకునేంతగా ఫోను మోగింది. ఉత్తరానికీ ఉత్తరానికీ మధ్య భానుప్రకాష్ చెమటలు కక్కుతూ, తీసేసిన కోడ్‌ను తిరిగి అతికించాడు. మిషన్ గుర్రుమని లేచింది. బద్ద ఒకవైపు, గుండు ఒకవైపు రాలసాగాయి.

"సూసినారా! నాలుగు తగిలిత్తే గానీ దారికి రాడు," అని వైకుంఠరావు మీసం దువ్వాడు. "అయినా పోలీసు కేసు పెట్టవలసిందే. అమ్మా సింధూరా, ఆడి పేరేటో సదువు."

పక్కనే ఉన్న సింధూర వంగి తెర చూసింది. తరవాత భానుప్రకాష్‌ని చూసింది. అతను వద్దన్నట్టు తల ఊపాడు.

"భానుప్రకాష్ అని ఉంది నాన్నా. ఊరు పూండి."

పెళ్లి ఇక గంగలో కలిసినట్టే అనుకుని భానుప్రకాష్ లేచి నిలబడ్డాడు.

"ఆ తిట్లన్నీ నీకు నువ్వే పంపుకున్నావా?"

"అవును మావయ్యా."

"ఒక్క మాటైనా ఎదురు సెప్పలేదేటి?"

"తప్పు నాదే కదా."

వైకుంఠరావు చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగాడు. "తప్పు సేసినాడు. పారిపోలేదు. ఇంతమంది తిడతంటే నోరెత్తకండా కూకుని బాగుసేసినాడు. నాకు అల్లుడంటే ఇలాటోడే కావాల! మీ అమ్మని ముహూర్తం సూడమను. ఇకమీదట ఈ మిషన్ పూచీ నీదే, బతికినన్నాళ్లూ."

భానుప్రకాష్ జీవితంలో అది మొట్టమొదటి శాశ్వత ఉద్యోగం. జీతం అక్కడా లేదు.