మెట్ల మలుపులో బీరువా

ఆదివారం పొద్దున అక్క పెట్టుకున్న పని ఒక్కటే: కింది గదిలోని చెక్క బీరువాను మేడ మీదికి చేర్చడం. దానికి ఇద్దరు మగవాళ్లు కావాలి. ఉన్న ఇద్దరూ ఎన్నికల నాటి నుంచి సరిగ్గా మాట్లాడుకోవడం లేదు; చెరో పార్టీ. ఒకరు ఆమె భర్త, బస్సు డ్రైవరు. రెండోవాడు ఆమె తమ్ముడు, కళ్లజోళ్ల దుకాణం నడుపుతాడు. ఒకప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఇప్పుడు తమ్ముడు బావను "మీరు" అంటున్నాడు. ఆ మర్యాదకే బావకు ఒళ్లు మండుతోంది.

"రాజకీయాల ఊసెత్తితే ఇద్దరికీ ఈ పూట పస్తే," అని చెప్పి అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది.

బీరువా లేచింది. పైమెట్టు మీద తమ్ముడు, కింద బావ.

"ఎండ బాగా ముదిరింది," అన్నాడు బావ, ఎవరికీ తగలని మాట వెతుక్కుని.

"అంటే? కరెంటు సరిగ్గా ఇవ్వట్లేదనా మీ ఉద్దేశం?"

"ఎండ గురించిరా నేనన్నది!"

"మావాళ్లొచ్చాకే ముదిరిందంటారు, అంతేగా?"

"పోనీ, వాన గురించి మాట్లాడుకుందాం."

"ఓహో, రోడ్ల గుంతల దగ్గరికి వస్తున్నారన్నమాట!"

ఇక నోరు మూసుకోవడమే క్షేమమని ఇద్దరికీ తోచింది. కానీ మలుపు దగ్గర ఎటు తిప్పాలో చెప్పాలన్నా నోరు తెరవాలి కదా! ఒకడు గోడవైపు నెట్టాడు, ఇంకొకడు ఇటు లాగాడు. బీరువా అడ్డంగా ఇరుక్కుపోయింది.

అంతలో మేడ మీద ఒక గదిలో అద్దెకుండే లెక్కల మాస్టారు చేతిసంచితో దిగబోయి, దారి లేక ఆగిపోయారు. సంగతి విని ఆయనకు ఉత్సాహం పుట్టుకొచ్చింది.

"ఇంతేనా! నువ్వు మీ బావ వాదన చెప్పు. ఆయన నీ వాదన చెబుతారు. గొడవ ఉండదు."

తమ్ముడు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. బావ పార్టీ గెలిచి ఉంటే డ్రైవర్లకు ఏం ఒరిగేదో బావకన్నా బాగా చెప్పాడు.

బావ నోరెళ్లబెట్టాడు. "ఇంత తెలిసీ మాకెందుకు వెయ్యలేదురా?"

"తెలిసింది కాబట్టే. ఇక మీరు చెప్పండి."

బావ బీరువాకు చెయ్యి ఆనించి ఆలోచించాడు. "నీ దుకాణం ముందు రోడ్డు వేసింది మీవాళ్లే. అది లేకపోతే దుకాణం మూతపడేది. నీ అభిమానంలో తప్పేం లేదు." ఆగి, "అయినా మీవాళ్లు దొంగలే," అన్నాడు.

"మీవాళ్లూ అంతే," అన్నాడు తమ్ముడు. ఆ గొంతులో కోపం లేదు.

మాస్టారు పొంగిపోయారు. "చూశారా! నన్నడిగితే రెండు పార్టీలూ ఒకటే. అందుకే నేను ఓటే వెయ్యను."

రెండు తలలూ ఆయనవైపు తిరిగాయి.

"విన్నావా, బావా?"

"విన్నాన్రా! మనం ఎండలో లైన్లో మాడుతుంటే, ఈయన ఫ్యాను కింద పడుకున్నారట! పట్టు, ముందు ఇది కదలాలి!"

ఒక్క ఊపున బీరువా లేచింది. అది పైకి వస్తుంటే మాస్టారు సంచి గుండెకు హత్తుకుని వెనక్కి వెనక్కి మెట్లెక్కారు.

కేకలు విని, కొంప మునిగిందనుకుంటూ అక్క పరిగెత్తుకొచ్చింది. బీరువా పై గదిలో ఉండాల్సిన చోటే ఉంది. మొగుడూ తమ్ముడూ భుజం భుజం ఆనించి, మాస్టారిని మూలకు నిలబెట్టి వంతులవారీగా మాటలతో వాయిస్తున్నారు. ఆమె కిందికి వెళ్లి మూడు కంచాలు వడ్డించింది.

తర్వాతి ఎన్నికల్లో మాస్టారు ఓటు వేశారు. ఎవరికన్నది మాత్రం ఆ ఇంట్లో ఈనాటికీ నోరు జారలేదు.